ఆపితే ఆగిపోయే బండి: ఒక పాత 150 సీసీ మోటార్‌సైకిల్ కేసు

బండి 150 సీసీ, సింగిల్ సిలిండర్, ఫోర్ స్ట్రోక్, ఎయిర్ కూల్డ్. కార్బ్యురేటర్ ఉన్న పాత మోడల్. వయసు పదిహేనేళ్లు పైనే, మీటర్ 60,000 కిలోమీటర్లు దాటింది. ఫిర్యాదు ఒక్కటే. చల్లగా ఉన్నప్పుడు ఒక్క కిక్‌కే స్టార్ట్ అవుతుంది, రోడ్డెక్కాక పికప్‌కి వంక పెట్టడానికి లేదు. కానీ ఇరవై నిమిషాలు నడిచి ఇంజన్ బాగా వేడెక్కాక, ఆపడానికి క్లచ్ పట్టి యాక్సిలరేటర్ వదిలితే ఇంజన్ కూడా ఆగిపోతుంది. కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి సెల్ఫ్ కొడితే వెంటనే లేస్తుంది. తర్వాతి సిగ్నల్ దగ్గర మళ్లీ అదే తంతు.

నా దగ్గరికి వచ్చేసరికే ఈ బండికి చాలా వైద్యం జరిగింది. కార్బ్యురేటర్ విప్పి కడిగారు, ఒకసారి కాదు. కొత్త ప్లగ్ వేశారు. ఎయిర్ ఫిల్టర్ మార్చారు. ప్రతిసారీ చివర్లో ఐడ్లింగ్ స్క్రూ, అంటే యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు ఇంజన్ తిరిగే వేగాన్ని సర్దే స్క్రూ, కొంచెం బిగించి పంపారు. అలా బిగించినప్పుడల్లా కొన్నాళ్లు బాగుండి, మళ్లీ మొదటికొస్తోంది. ఈ కేసును వివరంగా రాయాలనుకోవడానికి కారణం ఇదే. ఆపితే ఆగిపోయే బండికి ఐడ్లింగ్ స్క్రూ, గాలి-పెట్రోల్ పాళ్లను సర్దే ట్యూనింగ్ స్క్రూ తిప్పడం ఆఖరి పని. దాన్ని మొదటి పనిగా చేస్తే అసలు జబ్బు దాక్కుంటుంది, లోపల పెరుగుతూ ఉంటుంది.

ఐడ్లింగ్‌లో ఇంజన్ చేసే పని చాలా తక్కువ. తన రాపిడిని తాను జయించి, ఆల్టర్నేటర్‌ని తిప్పుకుని బతికి ఉండటమే దాని పని. మిగులు శక్తి దాదాపు ఉండదు. 5,000 ఆర్‌పీఎంలో పట్టించుకోనక్కర్లేని చిన్న లోపం 1,400లో ఇంజన్‌ని ఆపేయగలదు. అందుకే ఇలాంటి కేసుల్లో చాలాసార్లు ఒక్క పెద్ద తప్పు దొరకదు. రెండు మూడు చిన్న లోపాలు కలిసి ఆ కొద్దిపాటి మిగులునీ తినేసి ఉంటాయి.

ముందు అడిగినవి

స్పానర్ పట్టుకునే ముందు యజమానిని కూర్చోబెట్టి మాట్లాడటం నాకు అలవాటు. బండి ఆగే తీరులోనే సగం సమాచారం ఉంటుంది.

"స్విచ్ కట్టేసినట్టు టక్కున ఆగుతుందా, తడబడి ఆగుతుందా?" అని అడిగాను. "తడబడే ఆగుతుందన్నా. యాక్సిలరేటర్ వదిలాక కూడా శబ్దం ఒక క్షణం పైనే ఉంటుంది, తర్వాత కిందికి జారిపోయి, రెండు మూడు సార్లు కొట్టుకుని ఆగిపోతుంది" అన్నాడు. ఇది విలువైన జవాబు. టక్కున చచ్చిపోతే కరెంటు వైపు చూడాలి: ఇగ్నిషన్ స్విచ్, కిల్ స్విచ్, సైడ్ స్టాండ్ స్విచ్, హ్యాండిల్ దగ్గర నలిగిన వైర్లు. యాక్సిలరేటర్ వదిలినా ఆర్‌పీఎం వెంటనే దిగకుండా పైన వేలాడితే, మిక్చర్‌లో గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైందని అనుమానించాలి. మెకానిక్కులు లీన్ అనేది దీన్నే.

బ్రేక్ వేసినప్పుడే ఆగుతుందా అని అడిగాను. బ్రేక్ ముట్టకుండా నెమ్మదిగా ఆపినా ఆగుతుందన్నాడు. బ్రేక్‌తో మాత్రమే ఆగితే రెండు దారులుంటాయి. బ్రేక్ లైట్ స్విచ్ వైరు షార్ట్ అవుతూ ఉండవచ్చు, లేదా ఫ్లోట్ లెవెల్ తేడాగా ఉండి, బండి ముందుకు వంగినప్పుడు కార్బ్యురేటర్ గిన్నెలోని పెట్రోల్ కదిలి మిక్చర్ చెడుతూ ఉండవచ్చు. ఇక్కడ ఆ రెండూ వెనక్కి పోయాయి.

న్యూట్రల్‌లో ఉంటే? న్యూట్రల్‌లోనూ ఆగుతుంది, కానీ గేర్‌లో క్లచ్ పట్టి ఉన్నప్పుడు ఎక్కువ. ఇది గుర్తుపెట్టుకున్నాను. హెడ్‌లైట్ వేస్తే తేడా లేదు. యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి పట్టుకుంటే తప్ప స్టార్ట్ కాకపోవడం లాంటిదేమీ లేదు, పెట్రోల్ వాసన రాదు. అంటే పెట్రోల్ ఎక్కువై ముంచుతున్న లక్షణం కాదు. దిగుడులో యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్ పటపటమంటోంది. ఇది మళ్లీ లీన్ వైపే చూపిస్తుంది.

చివరగా, ఈ జబ్బు మొదలవకముందు బండికి ఏం పని చేయించారని అడిగాను. చాలామంది ఇది అడగరు, అడిగినా యజమానులు ముఖ్యం కాదనుకుని వదిలేస్తారు. ఈయన కాసేపు ఆలోచించి, అంతకు కొన్ని నెలల ముందు ట్యాపెట్ (వాల్వ్‌కీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందును సర్దే స్క్రూ) శబ్దం వస్తోందని ఒక చోట చెబితే బిగించి పంపారని చెప్పాడు. ఆ తర్వాత ఇంజన్ చాలా మెత్తగా అయిందని సంతోషపడ్డాడట కూడా. ఆ మాట నేను కాగితం మీద రాసుకున్నాను.

వేడి మీద పరీక్ష

చల్లటి ఇంజన్ మీద ఈ జబ్బును వెతికి లాభం లేదు. బండిని తిప్పి, ఇంజన్‌ని బాగా వేడెక్కించి తెచ్చాను. ప్లగ్ వైరుకి టాకోమీటర్ తగిలించి చూస్తే ఐడ్లింగ్ 1,900 దగ్గర ఉంది. ఈ ఇంజన్‌కి ఉండాల్సింది 1,400, అటూ ఇటూ వంద.

ఇలా ఐడ్లింగ్ పెంచి పెట్టడం వల్ల జరిగే నష్టం గురించి కొంచెం చెప్పాలి. ఐడ్లింగ్ స్క్రూ బిగిస్తే కార్బ్యురేటర్ లోపల గాలి దారిని మూసే పలక, అంటే బటర్‌ఫ్లై, కొంచెం తెరుచుకుంటుంది. దాని అంచు దగ్గర గోడలో సన్నటి బైపాస్ రంధ్రాలు ఉంటాయి. నిజానికి అవి యాక్సిలరేటర్ అప్పుడే తెరుస్తున్నప్పుడు పెట్రోల్ అందించడానికి ఉన్నవి. బటర్‌ఫ్లై ఎక్కువ తెరిచి ఉంటే ఇంజన్ ఐడ్లింగ్‌లోనే వాటి గుండా పెట్రోల్ లాగుతుంది. అప్పుడు ట్యూనింగ్ స్క్రూ ఎంత తిప్పినా ఫలితం కనిపించదు, యాక్సిలరేటర్ అందుకున్నప్పుడు తడబాటు మొదలవుతుంది. వీటికి తోడు ఫస్ట్ గేర్ పడేటప్పుడు టక్ మని దెబ్బ, ఇంజన్ బ్రేకింగ్ తగ్గడం, ట్రాఫిక్‌లో అనవసరమైన వేడి.

ఐడ్లింగ్‌ని 1,400కి దించాను. సగం నిమిషంలోపే కొట్టుకుని ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేసి, ఆగబోతున్న సమయంలో చోక్ సగం లాగి పెట్రోల్ పాలు పెంచాను. ఆర్‌పీఎం పైకి లేచి నిలబడింది. వేడి ఇంజన్ చోక్ వేస్తే బాగుపడిందంటే మిక్చర్ లీన్‌గా ఉందనడానికి ఇంతకంటే సులువైన, ఖర్చులేని పరీక్ష నాకు తెలియదు. రిచ్ అయి, అంటే పెట్రోల్ ఎక్కువై, ఆగుతున్న బండికి చోక్ వేస్తే ఇంకా త్వరగా ఆగుతుంది.

అయితే ఒక విషయం మాత్రం ఇందులో ఇమడలేదు. చోక్‌తో నిలబడిన తర్వాత కూడా సైలెన్సర్ దగ్గర చెయ్యి పెడితే దెబ్బ సమంగా లేదు. నాలుగైదు దెబ్బలకి ఒకటి బలహీనంగా వస్తోంది. మిక్చర్ ఒక్కటే సమస్య అయితే చోక్‌తో ఇది కూడా సర్దుకోవాలి. అంటే లీన్‌కి తోడు ఇంకేదో ఉంది.

త్వరగా పక్కన పెట్టినవి

పెట్రోల్ ట్యాప్ పైపు తీసి సీసాలోకి వదిలితే ధార సాఫీగా వచ్చింది. ట్యాంక్ మూత గాలి రంధ్రం కూడా బాగుంది. అసలు ఐడ్లింగ్‌లో ఇంజన్ తాగే పెట్రోల్ చాలా తక్కువ. ట్యాప్ ఫిల్టర్ మూసుకుపోతే ఆ బాధ ముందు హైస్పీడ్‌లో కనిపిస్తుంది, ఐడ్లింగ్‌లో కాదు. ఈ బండి హైస్పీడ్‌లో బాగా పోతోంది కాబట్టి ఇక్కడ ఎక్కువ సమయం పెట్టలేదు.

ప్లగ్ గ్యాప్ 0.7 మి.మీ., సరిగ్గానే ఉంది. వేడి మీద స్పార్క్ నీలంగా, గట్టిగా వస్తోంది. బ్యాటరీ ఇంజన్ ఆపినప్పుడు 12.6 వోల్టులు, యాక్సిలరేటర్ ఇస్తే 14 దాటుతోంది. కిల్ స్విచ్ వైరు విప్పి చూసినా లక్షణం మారలేదు. హ్యాండిల్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పినా ఆర్‌పీఎం కదల్లేదు, అంటే యాక్సిలరేటర్ కేబుల్ ఎక్కడా పట్టేయడం లేదు. ప్లగ్ రంగు తెల్లబారి ఉంది, కానీ రోడ్డు మీద నడిపి తెచ్చిన ప్లగ్ రంగు ఐడ్లింగ్ గురించి పెద్దగా చెప్పదు. దాని మీద నేను ఆధారపడలేదు.

గాలి ఎక్కడ నుంచి వస్తోంది

కార్బ్యురేటర్‌ని ఇప్పటికే కడిగారు. అయినా లీన్‌గా ఉందంటే, పెట్రోల్ తగ్గడం కంటే గాలి దొంగతనంగా రావడానికే అవకాశం ఎక్కువ. కార్బ్యురేటర్ దాటిన తర్వాత, సిలిండర్ హెడ్‌కి ముందు, ఎక్కడ సందు ఉన్నా ఆ గాలికి పెట్రోల్ లెక్క ఉండదు.

ఈ లీక్ ఐడ్లింగ్‌లోనే బాధించడానికి కారణం ఉంది. యాక్సిలరేటర్ మూసి ఉన్నప్పుడు బటర్‌ఫ్లై దాదాపు మూసుకుని ఉంటుంది, దాని వెనుక వాక్యూమ్ చాలా ఎక్కువగా ఉంటుంది. సందులోంచి గాలిని గట్టిగా లాగుతుంది. పైగా ఇంజన్‌లోకి వెళ్లే మొత్తం గాలి కొంచెమే కాబట్టి, దొంగగాలి వాటా పెద్దదవుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తెరిస్తే వాక్యూమ్ పడిపోతుంది, లోపలికి వెళ్లే గాలి ఎన్నో రెట్లు పెరుగుతుంది. అదే సందు అప్పుడు లెక్కలోకి రాదు. పికప్ బాగుంది, ఐడ్లింగ్ నిలవదు అనే ఫిర్యాదు ఎక్కువగా ఇలాంటి చోటే పుడుతుంది.

లీక్ వెతకడానికి చాలామంది కార్బ్యురేటర్ క్లీనర్ స్ప్రే కొడతారు. పక్కనే మండిపోతున్న సైలెన్సర్ ఉంటుంది, ఆ స్ప్రే మండే స్వభావం ఉన్నది. నేను చిన్న స్ప్రే సీసాలో నీళ్లే వాడతాను, అదీ జాయింట్ మీద మాత్రమే, మంచులా పడేంత. నీళ్లు సందును ఒక్క క్షణం మూస్తాయి, ఆర్‌పీఎం మారుతుంది. వేడి ఫిన్‌ల మీద నీళ్లు కుమ్మరించకూడదు. గది తలుపులు తెరిచి ఉండాలి. ఐడ్లింగ్‌లో నడుస్తున్న ఇంజన్ వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మూసిన గదిలో ప్రాణం తీస్తుంది. నిలబెట్టిన ఎయిర్ కూల్డ్ ఇంజన్‌కి ఎదురుగా ఒక ఫ్యాన్ కూడా పెట్టాలి.

ముందు సైలెన్సర్‌లోకి గాలి పంపే సెకండరీ ఎయిర్ వాల్వ్ వాక్యూమ్ పైపును వేళ్లతో నొక్కి చూశాను. తేడా లేదు. వాక్యూమ్ నిపుల్ మీది రబ్బరు మూత పగల్లేదు. కార్బ్యురేటర్‌కీ, దాన్ని హెడ్‌కి కలిపే ఇన్సులేటర్ ముక్కకీ మధ్య నీళ్లు చల్లితే ఏమీ కాలేదు. ఇన్సులేటర్‌కీ హెడ్‌కీ మధ్య, కింది వైపు చల్లగానే ఆర్‌పీఎం స్పష్టంగా మారింది. మళ్లీ చల్లితే మళ్లీ మారింది.

విప్పి చూస్తే అక్కడి ఓ-రింగ్ ఎండిపోయి, గాడిలో ఒరుసుకుని పలకలా అయిపోయింది. గోరుతో నొక్కితే దిగలేదు. రబ్బరు ముసలిదైతే ఇలాగే అవుతుంది. పాత తరం రబ్బరు ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి ఇంకా త్వరగా పాడవుతుందని నా అనుభవం. ఇన్సులేటర్ ముఖాన్ని గాజు పలక మీద పెట్టి చూస్తే మధ్యలో కొంచెం వెలుతురు కనిపించింది. రెండు బోల్టులని ఎప్పుడో బలవంతంగా బిగించడం వల్ల అంచులు వంగాయి. చల్లగా ఉన్నప్పుడు ఏదో సరిపెట్టుకుంటూ, వేడెక్కి భాగాలు వ్యాకోచించాక సందు ఇస్తోంది.

గాజు మీద సన్నటి ఎమరీ కాగితం పరిచి, ఇన్సులేటర్ ముఖాన్ని చదునయ్యేదాకా మెల్లగా రుద్దాను. పెట్రోల్‌కీ వేడికీ తట్టుకునే రకం కొత్త ఓ-రింగ్ వేసి, రెండు బోల్టులని మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించాను. ఇలాంటి జాయింట్‌కి సిలికాన్ పేస్టు పూసేవాళ్లు ఉన్నారు. అది పెట్రోల్‌కి ఉబ్బి ఊడిపోతుంది, ముక్కలు వాల్వ్ దాకా వెళ్తాయి. దయచేసి పూయకండి.

మళ్లీ వేడెక్కించి చూశాను. ఆర్‌పీఎం పైన వేలాడటం పోయింది, పటపట చాలా తగ్గింది. చోక్ అవసరం లేకుండా 1,400లో నిలబడింది. కానీ బలహీనమైన దెబ్బ అలాగే ఉంది. ఇంకా ఎక్కువ వేడెక్కాక, గేర్‌లో క్లచ్ పట్టి నిలబెడితే ఒకసారి ఆగిపోయింది కూడా. యజమాని మాత్రం బాగైపోయింది, ఇచ్చేయమన్నాడు. నేను ఇవ్వలేదు. నేను రాసుకున్న ట్యాపెట్ మాట ఇంకా తేలలేదు.

ట్యాపెట్లు

ఇంజన్ వేడిగా ఉండగానే కంప్రెషన్ కొలిచాను. యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి, చోక్ తీసేసి, ముల్లు ఇక పెరగని దాకా కిక్ కొట్టాలి. యాక్సిలరేటర్ మూసి కొలిస్తే రీడింగ్‌కి అర్థం లేదు. రీడింగ్ చదరపు సెంటీమీటరుకి 8 కిలోలు. ఈ తరహా ఇంజన్ ఆరోగ్యంగా ఉంటే 11 చుట్టూ రావాలి. ప్లగ్ రంధ్రంలోంచి ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిచాను. రింగుల దగ్గర లీక్ ఉంటే ఆయిల్ తాత్కాలికంగా మూసి రీడింగ్ బాగా పెరుగుతుంది. ఇక్కడ పెద్దగా పెరగలేదు. అంటే కంప్రెషన్ పోతున్నది వాల్వ్ వైపు.

ట్యాపెట్ గ్యాప్ చల్లటి ఇంజన్ మీదే కొలవాలి. బండిని రాత్రంతా వదిలేసి, ఉదయం స్టార్ట్ చేయకుండానే మూతలు విప్పాను. పిస్టన్ పైకి చేరిందని చెప్పే, మాగ్నెట్ మీది టీ గుర్తు కిటికీలో గీతకి ఎదురుగా వచ్చేలా ఇంజన్‌ని చేత్తో తిప్పాలి. ఆ గుర్తు రెండు చోట్ల వస్తుంది: ఒకటి కంప్రెషన్ చివర, ఇంకొకటి ఎగ్జాస్ట్ చివర. కంప్రెషన్ చివర అయితే రెండు రాకర్లూ వదులుగా ఉండాలి. ఇక్కడ ఎగ్జాస్ట్ రాకర్ ఏ స్థితిలోనూ కదలడం లేదు కాబట్టి దాన్ని నమ్మకుండా, ఇన్‌లెట్ వాల్వ్ తెరుచుకుని మూసుకున్న తర్వాత వచ్చే గుర్తు దగ్గర ఆపాను.

ఈ ఇంజన్‌కి సర్వీస్ మాన్యువల్ చెప్పేది ఇన్‌లెట్ 0.05 మి.మీ., ఎగ్జాస్ట్ 0.10 మి.మీ. ఇన్‌లెట్‌లో 0.05 ఫీలర్ గేజ్ కొంచెం పట్టుతో జారింది, బాగుంది. ఎగ్జాస్ట్‌లో నా దగ్గరున్న అన్నిటికంటే పలచటి రేకు కూడా దూరలేదు. గ్యాప్ లేదు.

యజమానికి సంతోషం కలిగించిన ఆ మెత్తదనం ఇదే. ఎగ్జాస్ట్ వాల్వ్ ఇంజన్‌లో అన్నిటికంటే ఎక్కువ వేడెక్కే కదిలే భాగం. వేడికి దాని కాడ పొడుగవుతుంది. ఆ పొడుగుకి చోటివ్వడానికే గ్యాప్ పెట్టేది. చోటు లేకపోతే రాకర్ వాల్వ్‌ని వెంట్రుకవాసి తెరిచే పట్టుకుంటుంది, సీటు మీద పూర్తిగా కూర్చోనివ్వదు. చల్లగా ఉన్నప్పుడు కాడ పొట్టిగా ఉంటుంది కాబట్టి సరిపోతుంది, అందుకే పొద్దున ఒక్క కిక్‌కే లేచేది. పైగా ఇలాంటి ఓవర్‌హెడ్ క్యామ్ ఇంజన్లలో వాడకంతో వాల్వ్ సీటు అరిగి, వాల్వ్ పైకి జరిగి, గ్యాప్ తనంతట తానే తగ్గుతూ వస్తుంది. శబ్దం పోవడానికి బిగించిన ట్యాపెట్, తర్వాతి నెలల్లో ఆ కొంచెమూ పోగొట్టుకుంది.

మరి ఇదే లీక్ రోడ్డు మీద ఎందుకు తెలియలేదు? 1,400 ఆర్‌పీఎంలో ఒక కంప్రెషన్ స్ట్రోక్‌కి దాదాపు 21 మిల్లీసెకన్లు పడుతుంది. 6,000లో 5 మిల్లీసెకన్లే. నిదానంగా తిరిగేటప్పుడు మిక్చర్ ఆ సన్నటి సందులోంచి జారిపోవడానికి నాలుగు రెట్లు సమయం దొరుకుతుంది. కంప్రెషన్ పడిపోయిన ఆ దెబ్బే నా చేతికి బలహీనంగా తగిలింది.

ఇది ఐడ్లింగ్ సమస్యతో ఆగే విషయం కాదు. ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిని ఎక్కువగా సీటుకి తాకినప్పుడే వదిలించుకుంటుంది. సీటు మీద కూర్చోకపోతే వేడి పోదు, పక్క నుంచి మంట దూసుకుపోతూ అంచును కాల్చేస్తుంది. ఐడ్లింగ్ స్క్రూ బిగించి ఇంకొన్నాళ్లు నడిపి ఉంటే హెడ్ విప్పాల్సి వచ్చేది. ట్యాపెట్ కొంచెం టిక్కుటిక్కుమంటే కంగారు పడకండి. శబ్దం బొత్తిగా లేని పాత ఎయిర్ కూల్డ్ ఇంజన్ వస్తే నేను ఎక్కువ అనుమానిస్తాను.

ఎగ్జాస్ట్‌ని 0.10కి సెట్ చేశాను. లాక్ నట్ బిగించేటప్పుడు స్క్రూ దానితో పాటు తిరుగుతుంది, కాబట్టి బిగించాక మళ్లీ రేకు పెట్టి చూడాలి. ఇంజన్‌ని రెండు చుట్లు తిప్పి ఇంకోసారి చూశాను. తర్వాత వేడెక్కించి కంప్రెషన్ కొలిస్తే 11కి కొంచెం తక్కువ వచ్చింది. వాల్వ్ కాలిపోయి ఉంటే గ్యాప్ సరిచేసినా ఇంత తిరిగి రాదు. హెడ్ విప్పే అవసరం తప్పింది. సైలెన్సర్ దగ్గర దెబ్బ సమంగా తగిలింది.

క్లచ్, చిన్న వాటా

గేర్‌లో ఉన్నప్పుడు ఎక్కువ ఆగుతుందన్న మాటకి జవాబు ఇంకా మిగిలింది. సెంటర్ స్టాండ్ మీద ఉంచి, ఐడ్లింగ్‌లో క్లచ్ పట్టి ఫస్ట్ గేర్ వేస్తే ఆర్‌పీఎం దాదాపు 200 పడింది. వెనుక చక్రం బలంగా తిరుగుతోంది, చెయ్యి పెట్టి ఆపే ప్రయత్నం ఎవరూ చేయకండి. క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదని అర్థం. లివర్ చివర ఆట, అంటే వదులు, ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ ఉంది, కేబుల్ సాగింది. పాత కేబుల్‌కి అడ్జస్టర్ చివరికొచ్చింది కాబట్టి కొత్తది వేసి, లివర్ చివర 10 నుంచి 15 మి.మీ. ఆట ఉంచాను. ఆర్‌పీఎం పడటం 50 లోపుకి వచ్చింది. ప్లేట్ల జోలికి వెళ్లలేదు. గేర్లు సాఫీగా పడుతున్నాయి, క్లచ్ జారడం లేదు.

ఇప్పుడు కార్బ్యురేటర్

కార్బ్యురేటర్‌ని విప్పే ముందు ట్యూనింగ్ స్క్రూని మెల్లగా లోపలికి బిగిస్తూ చుట్లు లెక్కపెట్టాను. మూడున్నర చుట్లు బయటికి ఉంది. ఎవరో దొంగగాలికి పరిహారంగా పెట్రోల్ పెంచుకుంటూ పోయారు. ఈ స్క్రూ ఎక్కడుందో చూసి గానీ తిప్పకూడదు. ఇంజన్ వైపు ఉంటే అది పెట్రోల్‌ని శాసిస్తుంది, బయటికి తిప్పితే రిచ్ అవుతుంది. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే గాలిని శాసిస్తుంది, బయటికి తిప్పితే లీన్ అవుతుంది. ఈ బండిది ఇంజన్ వైపు ఉంది. స్క్రూ మొన నుంచి చూస్తే ముందు చిన్న ఓ-రింగ్, తర్వాత వాషర్, తర్వాత స్ప్రింగ్ ఉండాలి. కడిగేటప్పుడు ఆ ఓ-రింగ్ జారిపోయి కనపడకుండా పోవడం మామూలే. అది లేకపోతే అక్కడి నుంచీ గాలి వస్తుంది. ఇక్కడ మూడూ ఉన్నాయి.

ఐడ్లింగ్‌కి పెట్రోల్ అందించే పైలట్ జెట్ విప్పి వెలుతురుకి పెట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా, శుభ్రంగా ఉంది. ముందు కడిగినవాళ్లు ఆ పని బాగానే చేశారు. ఈ రంధ్రంలో ఇనుప తీగ పెట్టకూడదు, ఇత్తడి మెత్తది, రంధ్రం పెద్దదైపోతుంది. ఫ్లోట్ ఎత్తు సరిగ్గా ఉంది. డయాఫ్రమ్‌కి చిల్లులు లేవు, ఉన్నా ఆ బాధ పికప్‌లో తెలిసేది.

పెట్రోల్ గురించి ఒక్క మాట. మామూలు పెట్రోల్ పూర్తిగా మండటానికి బరువులో 14.7 వంతుల గాలి కావాలి. 10 శాతం ఇథనాల్ కలిస్తే అది సుమారు 14.1 అవుతుంది. పాత కార్బ్యురేటర్‌కి ఈ సంగతి తెలియదు, అదే జెట్‌తో అంతే పెట్రోల్ ఇస్తుంది, మిక్చర్ కొంచెం లీన్ వైపు జరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ దీన్ని తట్టుకుంటుంది. దీనికి ఎయిర్ లీక్ తోడైతే కష్టం. అందుకే పాత బండికి ట్యూనింగ్‌లో నేను పావు చుట్టు రిచ్ వైపు ఉంచుతాను.

ట్యూనింగ్ రోడ్డు మీద వేడెక్కించి తెచ్చిన ఇంజన్ మీదే చేశాను. ఐడ్లింగ్ 1,400కి పెట్టి, ట్యూనింగ్ స్క్రూని రెండు చుట్ల దగ్గర మొదలుపెట్టి, అటూ ఇటూ కొంచెం కొంచెం తిప్పుతూ ఆర్‌పీఎం ఎక్కడ అన్నిటికంటే పైకి వెళ్తుందో చూడాలి. అక్కడ ఆపి, పెరిగిన ఆర్‌పీఎంని ఐడ్లింగ్ స్క్రూతో దించాలి. మళ్లీ ట్యూనింగ్ స్క్రూ, మళ్లీ ఐడ్లింగ్ స్క్రూ. ఇక పెరగదనిపించాక పావు చుట్టు బయటికి. చివరికి రెండుంపావు చుట్ల దగ్గర కుదిరింది. ముందు ఎటు తిప్పినా మారని స్క్రూ, ఇప్పుడు అరపావు చుట్టుకే స్పందిస్తోంది. లీక్ పోయిందనడానికి, బటర్‌ఫ్లై తన స్థానంలోకి వచ్చిందనడానికి అది నమ్మదగ్గ గుర్తు. యాక్సిలరేటర్ టక్కున తెరిచి వదిలితే ఆర్‌పీఎం నేరుగా 1,400కి దిగి అక్కడే నిలబడింది.

తర్వాత

బండిని ఇచ్చేటప్పుడు యజమానికి రెండు విషయాలు చెప్పాను. ఐడ్లింగ్ స్క్రూని ఎవరినీ ముట్టుకోనివ్వద్దు. మళ్లీ ఆగితే వేడి మీద ఆగిందా, చల్లగా ఉన్నప్పుడా, ఏ గేర్‌లో అన్నది గుర్తుపెట్టుకుని రావాలి. ట్రాఫిక్ మధ్యలో, మలుపులో ఇంజన్ ఆగడం వెనుక వచ్చేవాళ్లకి కూడా ప్రమాదం కాబట్టి సర్దుకుపోవద్దని గట్టిగానే చెప్పాను.

1,000 కిలోమీటర్ల తర్వాత పిలిచి చూశాను. ఒక్కసారీ ఆగలేదట. ఇన్సులేటర్ జాయింట్ మీద నీళ్లు చల్లితే మార్పు లేదు. పొడుగాటి దిగుడులో పటపట కొంచెం మిగిలింది, సెకండరీ ఎయిర్ వాల్వ్ ఉన్న బండికి అంతమాత్రం సహజమే కాబట్టి వదిలేశాను. చల్లటి ఇంజన్ మీద ఎగ్జాస్ట్ గ్యాప్ 0.10 రేకు పట్టుగా జారింది, 0.09 సులువుగా పోయింది. మరో 3,000 కిలోమీటర్లకి మళ్లీ కొలుస్తాను. అప్పటికి గ్యాప్ తగ్గి ఉంటే సీటు అరుగుతోందని అర్థం, హెడ్ విప్పి వాల్వ్ అంచు చూడాల్సిందే. ఆ సంగతి యజమానికి ఇప్పుడే చెప్పి, ఈ రీడింగ్‌ని తేదీతో సహా బండి సర్వీస్ పుస్తకంలో రాశాను.